గోదావరి సీమలో చరిత్రోపాధ్యాయుని పరీక్ష

2025వ సంవత్సరపు వేసవిలో, ఉపాధ్యాయ నియామకములకు మెగా డీఎస్సీ ప్రకటన వెలువడి, బీఈడీ చదివి యేండ్ల తరబడి నిరీక్షించుచున్న యువతీయువకులందరును రాత్రింబవళ్లు పుస్తకములపై వంగియున్న దినములలో, నేను కోనసీమలోని అంబాజీపేటకు మా చెల్లెలి యింటికి పోయితిని. మా మేనకోడలు స్కూల్ అసిస్టెంట్ సోషల్ కొలువునకు చదువుచుండెను. ఆ యింటి గోడలను చూచిన క్షణమున నాకు కలిగిన ఆశ్చర్యము నేటికిని తీరలేదు. పాత క్యాలెండరు కాగితములను తిరుగవేసి, వాని తెల్లని వెనుక భాగమున తూర్పు చాళుక్యుల వంశవృక్షమును, గవర్నరు జనరళ్ల కాలములను, రాజ్యాంగ సవరణల పట్టికను ఎఱ్ఱసిరాతోను నల్లసిరాతోను వ్రాసి, నిద్ర లేచినది మొదలు పరుండువఱకు కంటఁబడు చోట్లనెల్ల ఆమె అంటించియుండెను. అంతేకాదు, ప్రతి తలుపునకును రాజ్యాంగములోని ఒక్కొక్క అధికరణపు సంఖ్యను సుద్దతో వ్రాసికొనినది: వీధి తలుపుపై అస్పృశ్యతను నిషేధించిన 17, వంటయింటి తలుపుపై జీవించు హక్కును ప్రసాదించిన 21, అరుగుమీది స్తంభమునకు వాక్స్వాతంత్ర్యమునకు సంబంధించిన 19, పంచాయతీ కుళాయివైపు తెఱచుకొను పెరటి తలుపుపై గ్రామపంచాయతీలను గూర్చిన 40.

సాయంకాలమున అరుగుమీద కూర్చుండి నాచేత ప్రశ్నలు అడిగించుకొనుచు, నడుమ ఆమెయే నన్నొక ప్రశ్న వేసినది.

"మావయ్యా, రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకి ఇచ్చిన శాసనం ఉంది కదా, నన్నయ రాసింది, నందంపూడి శాసనం. అది వెయ్యిన్ని యాభై మూడేనా?"

"అవునమ్మా, యాభై మూడే. ఆ నందంపూడి ఎక్కడుందో తెలుసునా?"

"రాజమండ్రి దగ్గరేమో కదా?"

"కాలేజీ బస్సులో రోజూ ఏ ఊరు దాటి వెళ్లేదానివి తల్లీ?"

ఆమె చేతిలోని నోటుపుస్తకము ఒడిలోనికి జారినది. "మన నందంపూడేనా మావయ్యా!" అని, ఆ యూరు ఉన్న దిక్కుగా కొబ్బరితోటలవంక తిరిగి, కొంతసేపు మాటలేక చూచుచుండెను.

తొమ్మిదివందల డెబ్బది యేండ్ల క్రిందట తన ప్రక్కయూరిలో జరిగిన దానమును, ఎక్కడనో దూరదేశమున జరిగిన విషయమువలె బిట్టుగా మాత్రమే నేర్చుకొనవలసి వచ్చిన ఆ బిడ్డను చూచి, తప్పు ఆమెది కాదని, చరిత్రను భూమినుండి విడదీసి కాగితమున కెక్కించిన మన యందఱిదియునని నాకు తోచినది. చరిత్రయును ప్రభుత్వ వ్యవస్థయును పునశ్చరణము చేసికొను ప్రతి అభ్యర్థికిని ఈ గోదావరి సీమలో కాలిక్రిందనే ఒక సూత్రము దొరకును. అది మన బడి కథ. బడి యెట్లు పుట్టినదో, దానిని ఎవరు పోషించిరో, అందు చరిత్ర చెప్పుటకు ఎవరు అర్హులని యే కాలమువారు నిర్ణయించిరో తెలిసికొనుచు పోయినచో, ఆధునికాంధ్ర చరిత్రలో సగమును, రాజ్యాంగ చరిత్రలో సగమును ఆ దారిలోనే కలిసివచ్చును. ఆ దారిని చూపుటకే ఈ వ్యాసము.

బ్రిటిషువారి పాఠశాలలు రాకపూర్వము ఈ సీమలో చదువు లేదనుకొనుట పొరపాటు. మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో 1822వ సంవత్సరమున మద్రాసు ప్రెసిడెన్సీలోని అన్ని జిల్లాల కలెక్టరులకును ఉత్తరువులిచ్చి, దేశీయ విద్యాస్థితిని గూర్చి లెక్కలు తెప్పించినప్పుడు, రాజమహేంద్రవరపు జిల్లానుండి వచ్చిన నివేదికలో 291 పాఠశాలలును, పండితులు తమ యిండ్లయందు ఉన్నత విద్య బోధించు 279 స్థానములును పేర్కొనబడినవి. ఇతర జిల్లాల కలెక్టరులు తెలిపిన ఉన్నత విద్యాస్థానముల లెక్కలతో పోల్చినచో ఈ సంఖ్య మిక్కిలి పెద్దది. వీధియరుగుమీద ఇసుక పరచి, వ్రేలితో ఓనమాలు దిద్దించి, తాటియాకుమీద గంటముతో వ్రాయించి, ఎక్కములును బాలశిక్షయును పద్యములును వల్లెవేయించు ఆ బడులలో చరిత్రయను ప్రత్యేక పాఠము మాత్రము లేదు. రాజుల కథలు పురాణ కాలక్షేపములలోను, భూముల కథలు కరణముల కవిలెలలోను, దానముల కథలు రాగిరేకులమీదను నిలిచియుండెను. నందంపూడి శాసనమునకు తోడు, కాకతీయ సామ్రాజ్య పతనానంతరము తీరాంధ్రమున స్వాతంత్ర్యమును నిలిపిన ముసునూరి ప్రోలయ నాయకుని కీర్తిని చెప్పు విలస తామ్రశాసనము కూడ ఈ కోనసీమ మట్టికి చెందినదే. సాక్ష్యము సమృద్ధిగా నుండెను. దానిని చదివి పిల్లలకు చెప్పు ఉపాధ్యాయుడు మాత్రము ఇంకను పుట్టలేదు.

పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున ఈ జిల్లా కఱవులతోను తుపానులతోను పాడుపడి, జనము వలసపోయి, శిస్తులు రాలక దీనావస్థలో నుండగా, ఆర్థర్ కాటన్ దొర ఆధ్వర్యవమున 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట ఈ సీమ నుదుటివ్రాతను మార్చినది. ఈ విషయమును మన పిల్లలందఱును చదివియే యుందురు. కాని ఆ నీటి వెనువెంటనే పొలములలోనికి మఱియొక కాలువ కూడ పాఱినదని కొలదిమందికే తెలియును. అదే కాలమున నరసాపురమున సబ్ కలెక్టరుగా నుండిన జి. ఎన్. టేలరు దొర, తన కచేరీలో పనిచేయుటకు చదువుకొన్నవారు దొరకకుండుటను, జనులు వ్రాతకోతలు రాక మోసపోవుటను గమనించి, నరసాపురమున ఒక పాఠశాలను స్థాపించెను. పిమ్మట పాలకొల్లు, ఆచంట, పెనుగొండలయందును బడులు వెలసినవి. పరిసర గ్రామముల రైతులు తమ యూళ్లకును బడులు కావలెనని కోరి, అందులకగు వ్యయమునకై తమ భూమిశిస్తుమీద కొంత అదనపు భాగమును తామే చెల్లింప నంగీకరించిరి. ప్రభుత్వము ఆ యేర్పాటును ఆమోదించినది. ఆ బడులకు 'రేటు పాఠశాల'లని పేరు వచ్చినది.

ఈ చిన్న సంగతిలోని గొప్పతనమును పాఠకులు నిదానముగా ఆలోచింపవలెను. 1854లో ఇంగ్లండునుండి చార్లెస్ వుడ్ తన విద్యా తాఖీదును పంపి, సహాయ ద్రవ్యములను, ఉపాధ్యాయ శిక్షణమును, గ్రామవిద్యను గూర్చి ఉపదేశించిన కాలమునకే, ఈ డెల్టా రైతు తన శిస్తులోనుండి కొంత తీసి బడికొఱకు పెట్టుచుండెను. స్వచ్ఛందముగా ఆరంభమైన ఈ పన్నుకు చట్టబలము చాలదను ప్రశ్న కొంతకాలమునకు పుట్టగా, మద్రాసు ప్రభుత్వము 1863లో ఒక విద్యా శాసనమును చేయవలసివచ్చినది. దానికి ప్రేరణ మన గోదావరి ప్రయోగమే. ప్రజలు పన్ను కట్టుట, ఆ పన్ను తమ యూరి పనికే వినియోగపడవలెనని కోరుట, దానికై శాసనము పుట్టుట: పౌరశాస్త్రమునకు ఇంతకు మించిన మొదటి పాఠమేమున్నది? 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనా తీర్మానమును చేయుటకును, 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టము వచ్చి తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు పాఠశాలలను నడుపుటకును ముందే, స్థానిక స్వపరిపాలన యనగా నేమో మన రైతులు తమ బడి ద్వారమున నేర్చుకొనిరి. నరసాపురములోని టేలరు ఉన్నత పాఠశాల నేటికిని ఆ పేరు మోయుచున్నది. అల్లూరి సీతారామరాజు బాల్యమున కొంతకాలము అచటనే చదివెనని చెప్పుదురు.

బడులు పెరిగినకొలది వానిలో ఏమి చెప్పవలెనన్న ప్రశ్న వచ్చినది. రాజమహేంద్రవరమున 1853లో జిల్లా పాఠశాలగా మొదలైన సంస్థ, 1873లో ద్వితీయ శ్రేణి కళాశాలయై, 1877 నాటికి పట్టభద్రుల తరగతులు గల కళాశాలగా ఎదిగినది. అందును, ఇతర పాఠశాలలందును చెప్పబడిన హిందూదేశ చరిత్రలలో హెన్రీ మారిసు వ్రాసినది పేరుపొందినది. ఈ మారిసు మద్రాసు సివిలు సర్వీసు ఉద్యోగి. 1878లో అచ్చైన గోదావరి జిల్లా వివరణ చరిత్రమును, అటుపిమ్మట ఒక తెలుగు వ్యాకరణమును కూడ ఆయనయే వ్రాసెను. ఒకే చేయి వ్రాసిన రెండు గ్రంథములలో, కాలువలును పంటలును ఊళ్లును సంతలును నిండిన జిల్లా చరిత్రము అధికారుల బల్లలమీదికి పోయినది. బడిపిల్లల చేతికి వచ్చినది దండయాత్రలును గవర్నరు జనరళ్ల వరుసయును. మన పిల్లవాడు క్లైవు ఎప్పుడు వచ్చెనో చెప్పగలిగెను. తన జిల్లాలోని చందుర్తి పొలములో 1758 డిసెంబరున కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నోడించుటచేతనే ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి వశమగుటకు దారియేర్పడినదని చెప్పువారు మాత్రము అరుదైరి.

ఉపాధ్యాయునకు శిక్షణము కావలెనన్న భావము ఈ నడుమనే బలపడినది. మద్రాసులో 1856లో స్థాపింపబడిన నార్మల్ స్కూలు పిమ్మట సైదాపేటకు తరలి ఉపాధ్యాయ కళాశాలయైనది, ఎల్.టి. యను బోధనార్హత పట్టము వెలసినది. ఆ శతాబ్దపు చివరి పాదమున రాజమహేంద్రవరమున కూడ శిక్షణ కళాశాల యేర్పడుటచేత, తెలుగు జిల్లాల పట్టభద్రులకు సైదాపేట దాక పోవలసిన ప్రయాస తగ్గినది. అందు విద్యార్థిగా చేరినవాడు బోధనాశాస్త్రమును చదువుటయే కాక, తరగతి యెదుట నిలిచి, నల్లబల్లమీద వ్రాసి, ప్రశ్నలు వేసి, నమూనా పాఠము చెప్పి మెప్పింపవలెను. పరీక్షకుడు వెనుక బల్లమీద కూర్చుండి, అభ్యర్థి యొక్క కంఠమును, చేతివ్రాతను, ప్రశ్న వేయు నేర్పును గమనించును. నేటి బీఈడీ విద్యార్థులు టీచింగ్ ప్రాక్టీసు అని చెప్పునది ఈ సంప్రదాయమునకు వారసురాలే.

అర్హత పట్టము వేఱు, అర్హత వేఱు అని చాటినవారు కూడ ఈ నగరముననే వెలుగొందిరి. ధవళేశ్వరపు పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా నుండి 1874లో 'వివేకవర్ధని' పత్రికను స్థాపించి, తరువాత రాజమహేంద్రవర కళాశాలలో తెలుగు పండితుడై, 1881 డిసెంబరు 11వ తేదిన మొదటి వితంతు వివాహమును జరిపించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఉపాధ్యాయులే. ఖండవల్లిలో పుట్టి, చూపు క్రమముగా మందగించుచున్నను పాఠశాలను నడిపి, దళితుల బిడ్డలకొఱకు 1909లో రామమోహన పాఠశాలను తెఱచి, రాజపుత్రుల చరిత్రములను 'రాజస్థాన కథావళి'గా తెలుగువారికిచ్చిన చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారును ఉపాధ్యాయులే. వారికి చరిత్ర యనగా గతించినవారి పట్టిక కాదు. ఎదుట నిలిచిన అన్యాయమును గుర్తింపజేయు చూపు.

ఆ చూపునకు పరీక్ష 1907 ఏప్రిలులో వచ్చినది. వంగ విభజనముచేత దేశము ఉడికిపోవుచుండగా బిపిన్ చంద్రపాలుడు రాజమహేంద్రవరమునకు వచ్చెను. ఆయన ఆంగ్లోపన్యాసములను చిలకమర్తివారు తెలుగులో జనులకు వినిపించిరి. విద్యార్థులు వందేమాతర బిళ్లలను రొమ్మున ధరించి కళాశాలకు పోయిరి. ప్రిన్సిపాలు మార్కు హంటరు దానిని సహింపలేదు. పెక్కుమంది విద్యార్థులు శిక్షింపబడి బహిష్కృతులైరి. వారిలో ప్రముఖుడు శిక్షణ కళాశాల విద్యార్థియైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు. కర్నూలునుండి వచ్చి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఎం.ఏ. పూర్తిచేసి, ఉపాధ్యాయుడు కావలెనని రాజమహేంద్రవరము చేరిన ఆ యువకునికి, ఉపాధ్యాయార్హత పరీక్షకు కూర్చుండు యోగ్యతయే లేదని ప్రభుత్వము తేల్చినది. సర్కారు కొలువులకు ద్వారము మూతపడినది. ఇక్కడ పరీక్షార్థులు ఒక జాగ్రత్త వహింపవలెను: 1882లో భారత విద్యా కమిషనుకు అధ్యక్షత వహించిన విలియం హంటరు వేఱు, ఈ మార్కు హంటరు వేఱు.

ఏ బడిలోను అడుగుపెట్టనీయకుండ వెళ్లగొట్టబడిన ఈ మనుష్యుడు తెలుగు దేశమునంతను తరగతిగదిగా చేసికొనెను. ఆ 1907వ సంవత్సరమందే, కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మిత్రులతో కలసి 1906లో స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలికి మొదటి గ్రంథముగా అబ్రహాము లింకను చరిత్రను వ్రాసియిచ్చెను. బానిసత్వమును నిర్మూలించిన ఒక పరదేశపు అధ్యక్షుని కథ, పరాధీనమైన దేశములోని పాఠకునకు ఏమి చెప్పినదో ఊహించుట కష్టము కాదు. 1908లో 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతకై కారాగారవాసము చేసి, విడుదలైన పిదప గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును జీవితమును ధారవోసెను. సాంఘికశాస్త్రము బోధింపగోరు ప్రతివారును తమ వృత్తికి మూలపురుషునిగా స్మరింపదగిన పేరు ఇది.

విజ్ఞాన చంద్రికా మండలి ప్రకటనలతో తెలుగువారి చరిత్ర తెలుగులో వ్రాయు యుగము మొదలైనది. తణుకు ప్రాంతపు రేలంగిలో పుట్టిన చిలుకూరి వీరభద్రరావుగారు 'ఆంధ్రుల చరిత్రము' ప్రథమ భాగమును 1910లో వెలువరించిరి. రాజమహేంద్రవరములో న్యాయవాదియైన భావరాజు వేంకటకృష్ణారావుగారు, రాజరాజు పట్టాభిషేకము జరిగి తొమ్మిది వందల యేండ్లు నిండిన 1922లో, ఆ మహోత్సవ సందర్భమున రాజరాజనరేంద్ర పట్టాభిషేక సంచికను సంపాదించి ప్రకటించిరి. అదే యేట ఆంధ్రేతిహాస పరిశోధక మండలియు రాజమహేంద్రవరమున వెలసినది. నరసాపురము సీమలోని మినుమించిలిపాడున పుట్టిన మల్లంపల్లి సోమశేఖర శర్మగారు శాసనములను చదివి చదివి, కళాశాల పట్టములు లేకయే విశ్వవిద్యాలయమున చరిత్ర బోధించు గౌరవమును పొంది, రెడ్డిరాజ్యముల చరిత్రమును సమగ్రముగా నిర్మించిరి. విలస శాసనమును నేలటూరి వేంకటరమణయ్యగారితో కలసి పరిష్కరించి ప్రకటించినవారును ఆయనయే. పండితుల యిండ్లలోను వకీళ్ల గదులలోను బండికెత్తి తెచ్చిన రాగిరేకులను నూనెదీపము వెలుగున తోమి, ఒక్కొక్క యక్షరమును కూడబలుకుకొని చదివిన ఆ మహనీయుల శ్రమయే, నేడు మా మేనకోడలి నోటుపుస్తకములో '1053' అని నాలుగంకెలుగా నిలిచియున్నది.

చరిత్ర ఇట్లు తన దారిని పోవుచుండగా, ప్రభుత్వ వ్యవస్థ మఱియొక దారిని వచ్చి బడిలోనే కలిసినది. 1919 చట్టము ద్వంద్వప్రభుత్వమును తెచ్చినప్పుడు, పోలీసును ఖజానాను తమ గుప్పిట నుంచుకొని ఆంగ్ల ప్రభుత్వము భారతీయ మంత్రుల కప్పగించిన శాఖలలో విద్య యొకటి. 1935 చట్టముచేత అది రాష్ట్రములదైనది. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చినప్పుడును విద్య ముఖ్యముగా రాష్ట్రజాబితాలోనే యుండి, 1976లో నలుబది రెండవ సవరణముచేత ఉమ్మడి జాబితాలోనికి చేరినది. పదునాలుగేండ్లలోపు బాలబాలికలకందఱకును పదియేండ్లలో ఉచిత నిర్బంధ విద్య నందింప యత్నింపవలెనని ఆదేశిక సూత్రములలో మొదట వ్రాసికొన్న 45వ అధికరణపు వాగ్దానము గడువు దాటి నిలిచియుండగా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ప్రతివాదిగా నున్న ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున 1993లో సుప్రీంకోర్టు విద్యను జీవించు హక్కులో భాగముగా గుర్తించినది. 2002లో ఎనుబదియాఱవ సవరణముచేత 21-ఏ అధికరణము పుట్టినది. 2009లో విద్యాహక్కు చట్టము ఆమోదము పొంది 2010 ఏప్రిలు 1 నుండి అమలైనది. ఆ చట్టము ననుసరించియే జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2010 ఆగస్టులో ఉపాధ్యాయార్హత పరీక్షయైన టెట్‌ను కనీసార్హతగా విధించినది. అనగా, అభ్యర్థి వ్రాయు పరీక్షయే ఆమె చదువు రాజ్యాంగ చరిత్రలోని కడపటి ఘట్టము. నరసాపురపు రైతు శిస్తుతో మొదలైన దారి నేరుగా ఆమె పరీక్షా కేంద్రపు ద్వారమునకు వచ్చి నిలిచినది. ఈ సూత్రము నొకసారి పట్టుకొన్నచో, జాబితాలును సవరణములును సంవత్సరములును విడివిడి పూసలుగా జాఱిపోవు.

ఈ రాజ్యాంగమును నిర్మించినవారిలోను మన సీమ బిడ్డలున్నారు. రాజమహేంద్రవరమున 1909లో పుట్టిన దుర్గాబాయమ్మగారు బాలికగా నున్నప్పుడే స్త్రీలకు హిందీ నేర్పు పాఠశాలను నడిపిరి. 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున వాలంటీరుగా నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిరి. నియమము అందఱికిని ఒక్కటేయని ఆ పదునాలుగేండ్ల బాలిక చూపిన పాఠము, సమానత్వమును గూర్చిన 14వ అధికరణమునకు ఆమె రాజ్యాంగ సభలో సభ్యురాలు కాకమునుపే వ్రాసిన వ్యాఖ్యానమువంటిది. అమలాపురము సీమవారైన కళా వేంకటరావుగారును ఆ సభలో సభ్యులే.

స్వాతంత్ర్యానంతరము చరిత్ర, భూగోళము, పౌరశాస్త్రము, అర్థశాస్త్రములను వేర్వేఱు గదులలో బంధింపక సాంఘికశాస్త్రముగా కలిపి చెప్పవలెనన్న ఆలోచనకు, లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతను 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషను బలమిచ్చినది. ఆ కలయికకు మన డెల్టాకంటె మంచి పాఠ్యగ్రంథము లేదు. కాలువ భూగోళము, దానిని త్రవ్విన కథ చరిత్ర, దాని నీటిని పంచుకొనుటకు 1997 చట్టము ననుసరించి రైతులు ఎన్నుకొను నీటిసంఘము పౌరశాస్త్రము, ఆ నీటితో పండిన ధాన్యపు ధర అర్థశాస్త్రము. అట్లే, అంబాజీపేట ఒక్కచోటనే నిలిచియుండి 1859 తరువాత గోదావరి జిల్లాలోను, 1925 నుండి తూర్పు గోదావరిలోను, 2022 నుండి కోనసీమ జిల్లాలోను లెక్కింపబడుట, పరిపాలనా విభాగములు మానవ నిర్మితములని బోధించుటకు చాలును.

నేటి పరీక్షను నేను నిందింపను. టెట్‌లో 150 మార్కులకు 150 ప్రశ్నలు. సాంఘికశాస్త్ర అభ్యర్థికి అందు 60 తన విషయమునకు చెందినవి. డీఎస్సీలో 80 మార్కులు వ్రాతపరీక్షకు, 20 టెట్ వెయిటేజీకి. జమీందారు సిఫారసుతోనో, దొరగారి దయతోనో కొలువు దొరికిన దినములను తలచుకొన్నప్పుడు, కూలివాని కుమార్తెయు ఉద్యోగి కుమారుడును ఒకే ప్రశ్నపత్రమున కెదురుగా కూర్చుండుట సామాన్య విజయము కాదు. అయితే బిట్టు జ్ఞాపకమును కొలుచును; పాఠము చెప్పు శక్తిని పూర్తిగా కొలువజాలదు. అందుచేత పునశ్చరణము చేసికొను వారికి నేను చెప్పునది ఇంతే: ప్రతి సంవత్సరపు సంఖ్య ప్రక్కన ఒక యూరి పేరు వ్రాసికొనుడు, ప్రతి చట్టము ప్రక్కన అది మార్చిన ఒక మనిషి బ్రతుకును వ్రాసికొనుడు, ఆరు మొదలు పదవ తరగతి వఱకు గల పాఠ్యపుస్తకములను బిట్ బ్యాంకులకు ముందే పూర్తిగా చదువుడు, చదివినదానిని ఇంటిలోని చిన్నపిల్లకు కథగా చెప్పి చూడుడు. ఆ పిల్ల మఱల ప్రశ్న వేసినచో మీకు వచ్చినట్లు. మౌనముగా నున్నచో ఇంకొకమాఱు చదువవలసినట్లు.

మఱునాటి ఉదయమున మా మేనకోడలు నన్ను బండిమీద వెనుక కూర్చుండబెట్టుకొని నందంపూడికి తీసికొనిపోయినది. అక్కడ చూచుటకు శిలాస్తంభమేమియు లేదు; కొబ్బరితోటలు, కాలువ, బడికి పోవు పిల్లలు. ఆమె కాలువ వంతెనమీద బండి నిలిపి, శాసనములో చెప్పబడిన నారాయణభట్టు బహుభాషా పండితుడని, భారత రచనలో నన్నయకు తోడ్పడినవాడని, ఆ పాండిత్యమునకే ఈ యగ్రహారము లభించినదని, అటుగా పోవుచు ఆగిన ఇద్దఱు బాలురకు చెప్పినది. వారిలో చిన్నవాడు, "మా ఊరేనా అక్కా?" అని అడిగెను. ముందటి దినమున ఆమె నన్నడిగిన ప్రశ్నయే అది. ఆమెకు కొలువు వచ్చునో రాదో అప్పటికి మా కెవరికిని తెలియదు. కాని ఉపాధ్యాయురాలగుట ఆ వంతెనమీదనే జరిగినదని నా నమ్మకము.

చివరగా గ్రంథాలయములను నడుపు పెద్దలకొక విన్నపము. రాజమహేంద్రవరములోని గౌతమీ గ్రంథాలయమున నాళము కృష్ణారావుగారివంటి వారు సమకూర్చిన గ్రంథసంపద కలదు. ఆ భాగ్యము మండలపు శాఖా గ్రంథాలయములకు లేదు. అచ్చటికి వచ్చు అభ్యర్థులకు దొరకుచున్నవి పోటీ పరీక్షల పత్రికలును బిట్ బ్యాంకులును మాత్రమే. ప్రతి శాఖలోను ఆ మండలపు శాసనముల పాఠములు, జిల్లా చరిత్రలు, రాజ్యాంగపు తెలుగు ప్రతి యొక బీరువాలో నుంచి, పరీక్షల దినములలో రాత్రి పొద్దుపోవు వఱకు దీపము వెలిగించియుంచుడు. ధనము లేదను మాట చెల్లదు. నరసాపురపు రైతులు బడికొఱకు శిస్తుతో అదనముగా కట్టినట్లే, మనమును 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా నేటికిని కట్టుచునే యున్నాము.